కాలు ఆగిన చోటు రాయి చెల్లె

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు, పేరు వేయకండి. ఇంట్లోనే మిషన్ కుడతాను, జాకెట్లు, ఫాల్, పీకో. రాత్రి పిల్లలు పడుకున్నాక దారాల డబ్బాకు ఫోన్ ఆనించి పెట్టి ఏదో ఒక సిరీసో సినిమానో చూస్తూ కుడతాను. కొలతలు రాసుకునే నోట్‌బుక్కులోనే ఎడమ పేజీలో కొలతలు, కుడి పేజీలో చూసినదాని గురించి నాలుగు ముక్కలు రాయడం రెండేళ్ల నుంచి అలవాటు. కొన్ని వాట్సాప్ స్టేటస్ పెడతాను. మొన్న మా యారాలి కొడుకు, హైదరాబాద్‌లో బీటెక్ చదువుతాడు, ఆ బుక్కు చూసి "చిన్నమ్మా, ఇవి రివ్యూలు కావు, కథంతా చెప్పేస్తున్నావ్, స్క్రీన్‌ప్లే గురించి లేదు, బీజీఎం గురించి లేదు" అని నవ్విండు. అప్పటి నుంచి నేనూ అట్లనే రాద్దామని చూస్తున్న. కానీ ఏం చూసినా ఇదివరకటిలా ఏడుపూ రావట్లేదు, నవ్వూ రావట్లేదు. ఇంకో సంగతి. మటన్‌లో నల్లిబొక్క దగ్గర మొదలైన గొడవతో ఇల్లు విడిపోయే బలగం సినిమా మళ్లీ చూసిన రోజు "మా ఇంట్లో కూడా ఒక నల్లిబొక్క ఉంది, దాని పేరు ఆరు గుంటల భూమి, మా అన్న ఈ సినిమా చూడాలి" అని స్టేటస్ పెట్టిన. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి మా వదినకు పంపిండ్రు. అన్న ఫోన్ చేసి తిట్టిండు, అంతే, రెండు నెలలైంది మాటల్లేవు, రాఖీకి కూడా పోలేదు. మా ఆయన "ఇగ ఆ రాతలు బంద్ చెయ్" అంటున్నాడు. బంద్ చేయాలా అక్కా?

సమాధానం: బంద్ చేయాల్సిన పని లేదు చెల్లె. ముందే చెప్పేస్తున్నా, లేకపోతే చివరిదాకా టెన్షన్‌తో చదువుతావు. కాకపోతే నువ్వు రెండు వేర్వేరు పనులను ఒకే సంచిలో కుక్కావు, రెండూ నలిగాయి. ఒకటి నోట్‌బుక్కు, ఇంకోటి ఆ స్టేటస్. ముందు నోట్‌బుక్కు సంగతి చూద్దాం, అన్న సంగతికి నిదానంగా వస్తా, అక్కడ నిన్ను రెండు మాటలు అనాల్సి ఉంది.

ఉత్తరంతో పాటు మూడు పేజీల ఫొటోలు పంపావు కదా, నేను వాటినే ఎక్కువసేపు చూశాను. పాత పేజీలో ఇట్లా ఉంది: "90స్. అందరూ ఉప్మా అని మొహం ముడుస్తున్నరు. వాళ్లమ్మ ఎప్పుడు తింటదో అని నేను చూస్తున్న. కాలు ఆగింది. మళ్లీ తొక్కితే చంక దగ్గర కుట్టు వంకర పోయింది. విప్పిన." ఆ పేజీ మూలన నీలం చాక్ పట్టిన వేలి ముద్ర కూడా పడింది. కొత్త పేజీలో ఇట్లా ఉంది: "స్క్రీన్‌ప్లే గ్రిప్పింగ్. సెకండాఫ్ కొంచెం ల్యాగ్. బీజీఎం నెక్స్ట్ లెవెల్. 3/5." ఈ రెండోదాన్ని తీసుకుపోయి ఊళ్లో ఏ పోస్టర్ కింద అంటించినా అతుకుతుంది, ఏ సినిమా గురించి రాశావో పైన పేరు చూస్తే తప్ప నాకు తెలియలేదు. మొదటిదాంట్లో నువ్వున్నావు, నీ మిషన్ ఉంది, ఆ రాత్రి పాడైన ఎవరిదో జాకెట్ ఉంది. "కాలు ఆగింది" అన్నావు చూడు, నేను ఇన్నేళ్లుగా సినిమాల గురించి చదివిన వాటిలో అంత సూటి మాట తక్కువ చూశాను. తొక్కుడు మిషన్ మీద కూర్చున్న మనిషి కాలు ఊరికే ఆగదు. పని ఆగితే డబ్బు ఆగుతుంది. అయినా ఆగిందంటే ఆ సీన్ నీ దగ్గర ఏదో పట్టుకుంది.

ఆ సిరీస్ పేరు తీశావు కాబట్టి నా సంగతి కూడా చెప్తాను. 90స్ ఎ మిడిల్ క్లాస్ బయోపిక్, 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చింది, ఆరు ఎపిసోడ్లు, శివాజీ లెక్కల సారు, వాసుకి ఆయన భార్య, ముగ్గురు పిల్లలు. కథ మన వనపర్తిలోనే జరుగుతుంది, అందుకే మా మహబూబ్‌నగర్‌లో చాలామంది మన పక్కింటి వాళ్ల గొడవ అన్నట్టు చూశారు. ఉప్మా మీద అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు, నిజం చెప్పాలంటే కొంచెం కోపం కూడా వచ్చింది. మా ఇంట్లో పొద్దున జొన్న గటక, లేదంటే రాత్రి మిగిలిన రొట్టె. బొంబాయి రవ్వ అనేది చుట్టాలొస్తేనే డబ్బాలోంచి బయటికి వచ్చేది, అది కూడా వాళ్లు తిన్నాక గిన్నె అడుగున అంటుకున్నది మేం గీక్కునేవాళ్లం, ఆ మాడు ముక్క కోసం నేనూ మా తమ్ముడూ కొట్టుకునేవాళ్లం. అంటే రోజూ ఉప్మానా అని ఏడ్చే ఇల్లు మా లెక్క ప్రకారం పెద్దిల్లు. ఆ సిరీస్ బాగుంది, నేను రెండుసార్లు చూశాను, కానీ "అందరి బాల్యం ఇదే" అని జనం అంటుంటే మాత్రం నాకు లోపల గుచ్చుకుంది. మా బాల్యం దానికన్నా ఇంకో రెండు మెట్లు కింద ఉంది.

ఇప్పుడు చెప్పు, ఇది రివ్యూనా? కాదు. దీన్ని చదివి ఎవరైనా ఆ సిరీస్ చూడాలో వద్దో తేల్చుకోగలరా? లేరు. అయినా అది చూసి నాకు ఏమైందో ఇంతకన్నా సరిగ్గా చెప్పలేను. నువ్వు అందరిలాగా ఉప్మా చూడలేదు, ఉప్మా చేసిన మనిషి కంచం వైపు చూశావు. నేను రవ్వ డబ్బా వైపు చూశాను. ఒకే సీన్, ఇద్దరం రెండు చోట్ల ఆగాం.

మీ యారాలి కొడుకుది పూర్తిగా తప్పని అననుగానీ. రివ్యూ రాసేవాడి పని వేరు. శుక్రవారం పొద్దున ఆట చూసొచ్చి, టికెట్ డబ్బులు పెట్టి ఇంటిల్లిపాదీ పోవాలా, ఓటీటీలో వచ్చేదాకా ఆగాలా అని అడిగే వాళ్లకు జవాబు చెప్పాలి. అందుకే ఫొటోగ్రఫీ ఎట్లుంది, పాటలెట్లున్నయి, ఎడిటింగ్ ఎక్కడ సాగింది అని అన్నీ తడమాలి. అది ఒక ఉద్యోగం. నువ్వు ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోలేదు కదా, మరి ఆ యూనిఫాం ఎందుకు తొడుక్కున్నావు? ఒకరి కొలతలతో కుట్టిన జాకెట్ ఇంకొకరు వేసుకుంటే భుజం దగ్గర ఎట్లా జారుతుందో నీకు నేను చెప్పాలా.

ఒక్క విషయంలో మాత్రం పిల్లోడు చెప్పింది నిజం. స్టేటస్‌లో కథ మొత్తం చెప్పేస్తున్నావు. నోట్‌బుక్కులో చెప్పుకో, నీ ఇష్టం, అది నీకు గుర్తు ఉండటానికి. కానీ రెండు వందల మంది చూసే చోట, వాళ్లలో సగం మంది ఇంకా చూడని సినిమాకు చివర ఏమైందో రాసేస్తే అది మంచి పని కాదు. నాకూ ఒకసారి అట్లాగే జరిగింది, ఒక సస్పెన్స్ సినిమాకు టికెట్ తీసుకుని లోపలికి పోతుంటే ముందు ఆట చూసి బయటికొస్తున్న ఒక పెద్దమనిషి తన కొడుకుతో హంతకుడి పేరు చెప్పుకుంటూ పోయాడు. రెండున్నర గంటలు ఆ హంతకుడి మొహమే చూస్తూ కూర్చున్నా.

ఏడుపూ నవ్వూ ఎందుకు పోయాయో కూడా నీ ఉత్తరంలోనే ఉంది. చూస్తున్నప్పుడే రాయాల్సిన మాటలు వెతుకుతున్నావు. సీన్ నడుస్తుంటే నీ బుర్ర "ఇది గ్రిప్పింగా, ల్యాగా" అని తూకం వేస్తోంది. ఒక చెవి ఫోన్ మీద, ఒక కన్ను గుడ్డ మీద, ఇక బుర్ర తూకం మీద పెడితే సినిమాకు మిగిలేది ఏముంది? కాబట్టి చూసేటప్పుడు పెన్ను ముట్టుకోకు. ఆ రాత్రి కూడా రాయకు. తెల్లారి మొదటి గిరాకీ వచ్చి పోయాక, చాయ్ తాగుతూ, నిన్న ఏం గుర్తుందో అది రాయి. రాత్రంతా నిద్రపోయినా మిగిలి ఉన్నదే అసలు సరుకు. కాలు ఎక్కడ ఆగిందో రాయి, అప్పుడు చేతిలో ఏముందో రాయి, తెర మీద ఎవరు ఏమన్నారో రాయి. ఎందుకు ఆగిందో తెలిస్తే రాయి, తెలియకపోతే ఖాళీ వదిలెయ్, కొన్నిసార్లు ఆరు నెలలకు తెలుస్తుంది. అసలు ఆగనే లేదనుకో, సినిమా పేరు, తేదీ, "కాలు ఆగలేదు" అని రాసి ఊరుకో. పెద్ద హీరో సినిమాకు అట్లా రాస్తే ఎవరైనా ఏమన్నా అంటారేమో అని భయపడకు, అది కొలతల పుస్తకం, అభిమాన సంఘం కాదు. మార్కులు మాత్రం వేయకు. మూడున్నరకీ మూడుంపావుకీ తేడా ఏందని అడిగితే వేసినవాళ్లు కూడా చెప్పలేరు.

ఇంకొకటి గమనించాను. నువ్వు చూడటం కన్నా వినడం ఎక్కువ. కుడుతూ చూసేవాళ్లంతా అంతే, కళ్లు సూది మీదుంటాయి కాబట్టి గొంతులు బాగా పట్టుకుంటారు. నువ్వు పంపిన మూడో పేజీలో సివరపల్లి సిరీస్ గురించి "ఆ ఊరోళ్ల మాట మనోళ్ల మాట లెక్కనే ఉంది" అని రాశావు. అది హిందీ పంచాయత్‌కు రీమేక్, 2025 జనవరిలో ప్రైమ్‌లో వచ్చింది, రాగ్ మయూర్ పంచాయతీ సెక్రటరీ. హిందీది చూసినవాళ్లు ఆ సీనూ ఈ సీనూ పక్కపక్కన పెట్టి ఏది మేలో తేల్చే పనిలో పడ్డారు. నువ్వు మాట దగ్గర ఆగావు. మన దగ్గరి యాసను ఏళ్ల తరబడి సినిమాల్లో రౌడీకో పనిమనిషికో జోకర్‌కో ఇచ్చారు, ఇప్పుడు అది సర్పంచ్ నోట్లో, హీరో నోట్లో మామూలుగా వినబడుతుంటే మనకు పట్టకపోతే ఎవరికి పడుతుంది? కానీ అక్కడితో ఆపేశావు. ఏ మాట? ఏ మాటకు నీకు మీ ఊరి ఎవరు గుర్తొచ్చారు? ఒక్క మాట పట్టుకుని రాసి ఉంటే ఆ పేజీ నిలబడేది.

నీకు ఇంకో లాభం ఉంది, నువ్వు చేతిపని మనిషివి. మల్లేశం చూశావో లేదో రాయలేదు. 2019లో వచ్చింది, ప్రియదర్శి చేశాడు, తల్లి లక్ష్మిగా ఝాన్సీ. ఆ కథ నిజంగా జరిగింది మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే, ఆలేరు దగ్గర శారాజీపేట, ఇప్పుడు యాదాద్రి భువనగిరి కిందికి పోయింది. చింతకింది మల్లేశం వాళ్లమ్మ ఆసు (చీర నేసే ముందు మేకుల చుట్టూ నూలు చుట్టే పని) పోసి పోసి భుజం పడిపోతుంటే చూడలేక ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక్క పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలంటారు. సినిమా రాసేవాళ్లకు అది ఒక అంకె. పొద్దంతా మిషన్ తొక్కి రాత్రి మెడ పట్టేసే నీకు అది అంకె కాదు. ఆ తల్లి భుజం పట్టుకునే తీరు సరిగ్గా ఉందా లేదా అన్నది నువ్వు చెప్పాలి, ఫిల్మ్‌నగర్‌లో కూర్చున్నవాళ్లు చెప్పలేరు. చూస్తే ఆ ఒక్కటి రాసి పంపు.

బట్టల సంగతి కూడా అంతే. మిర్యాలగూడలో సుదర్శన్ అని ఒక చిత్రకారుడు ఉండేవాడు. బి.నర్సింగరావు తీసిన దాసి సినిమాకు బట్టలు ఆయనే చూశాడు, దానికి జాతీయ అవార్డు వచ్చింది, ఆ తర్వాత ఊళ్లో ఆయన పేరే దాసి సుదర్శన్ అయిపోయింది. గడీలో దాసీ పిల్ల కట్టుకునే చీర ఎంత నలిగి ఉండాలి, రవిక చెయ్యి ఎక్కడిదాకా ఉండాలి, రంగు ఎంత వెలిసి ఉండాలి అన్నది కూడా కథలో భాగమే అని గుర్తించినందుకే కదా అవార్డు. మన సీరియళ్లలో కోడలు అర్ధరాత్రి నిద్రలేచి వచ్చినా పట్టుచీర మీద మగ్గం వర్క్ జాకెట్‌తో వస్తుంది, అది ఎంతకు కుట్టారో నువ్వు చూడగానే చెప్పేస్తావు. అది రాయి. నవ్వుకుంటూ రాయి. ఆ రాత మీ బీటెక్ పిల్లోడు జన్మలో రాయలేడు.

సీరియల్ అంటే గుర్తొచ్చింది. మీ ఆయన ఈ రాతలు బంద్ చెయ్ అంటున్నాడని నీ బాధ. మీ అత్తమ్మ టీవీ ముందు కూర్చుని సీరియల్‌లో విలన్‌ను తిట్టగా ఎప్పుడైనా ఆయన బంద్ చెయ్ అన్నాడా? 2017 నుంచి 2023 దాకా కార్తీక దీపం నడిచినన్ని రోజులూ మా ఇంట్లో మా అత్తమ్మ మోనితను తిట్టని సాయంత్రం లేదు. డాక్టర్ బాబును కూడా వదల్లేదు, "ఇంత సదువుకున్నోనివి, నీ పెండ్లాం మాట నీకు ఇనబడ్తలేదా" అని టీవీకి వేలు చూపించి అడిగేది. పనిమనిషి కూడా గిన్నెలు వదిలేసి వచ్చి "అవునమ్మా" అనేది. ఇంట్లో అందరికీ అది మామూలే, ఎందుకంటే ఆమె నోటితో అంటుంది, గాలిలో కలిసిపోతుంది. నువ్వు కాగితం మీద పెడుతున్నావు కాబట్టి భయం. మీ ఆయన భయం ఉప్మా గురించి కాదు, ఆరు గుంటల గురించి. ఆయన్ని తప్పు పట్టలేను.

సరే, ఇక అన్న దగ్గరికి వద్దాం.

ఆ స్టేటస్‌లో మూడు ముక్కలున్నాయి. "మా ఇంట్లో కూడా ఒక నల్లిబొక్క ఉంది" అన్నది నీ స్పందన, బాగుంది, నేను రాసి ఉంటే గర్వపడేదాన్ని. "దాని పేరు ఆరు గుంటల భూమి" అన్నప్పుడు ఇంటి గుట్టు వాకిట్లో పెట్టావు. "మా అన్న ఈ సినిమా చూడాలి" అన్నదానికి సినిమాతో సంబంధమే లేదు, అది వేలు చూపించడం. నీకు సినిమా చూసి ఏమైందో చెప్పడం ఆపి, ఇంకొకరికి ఏం కావాలో చెప్పడం మొదలుపెట్టావు. అదీ ఆయన మొహం మీద కాదు, మేనమామ కొడుకులు, కిరాణా షాపాయన, జాకెట్ ఇచ్చిన గిరాకీలు అందరూ చూస్తుండగా.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. పదేళ్ల కింద ఒక సీరియల్‌లో అత్తగారు బియ్యం డబ్బా మీద వేలితో గీత గీసి పెట్టుకుంటుంది, కోడలు తీసిందేమో చూడటానికి. నేను నవ్వుతూ, చుట్టాల ముందు, "అచ్చం మా అత్తమ్మే" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత తొమ్మిది రోజులు టీవీ ముందుకు రాలేదు, తలనొప్పి అంది. పదో రోజు నేనే పోయి, తప్పయింది అత్తమ్మా అన్నాక వచ్చి కూర్చుంది, ఒక్క మాట కూడా అనలేదు. ఆ తొమ్మిది రోజులు నాకు ఇప్పటికీ లెక్క ఉంది.

బలగం సంగతి కూడా ఒకసారి ఆలోచించు. వేణు యెల్దండి తీశాడు, 2023 మార్చిలో వచ్చింది, ఆ ఎండాకాలం చాలా ఊళ్లలో తెర కట్టి వేశారు. మా అమ్మగారి ఊళ్లో కూడా పంచాయతీ ఆఫీసు ముందు వేశారు, ట్రాక్టర్ల మీద, గోడల మీద కూర్చుని చూశారు. అక్కడ అన్నదమ్ములు ఇద్దరున్నారు, గెట్టు పంచాయితీ, పదేళ్లుగా మాటల్లేవు. ఒకాయన ఈ చివర, ఇంకొకాయన ఆ చివర. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ పాట వచ్చినప్పుడు ఇద్దరూ తువ్వాలతో మొహం తుడుచుకోవడం నేను కళ్లారా చూశాను. (ఈ మొగిలయ్య వరంగల్ వైపు మనిషి, 2024 డిసెంబరులో పోయాడు. మన పాలమూరు కిన్నెర మొగిలయ్య వేరే, పద్మశ్రీ వచ్చినాయన. ఇద్దరినీ కలిపేసి మాట్లాడేవాళ్లు ఇంకా ఉన్నారు.) సినిమా అయిపోయింది. ఇప్పుడు ఒకాయన ఇంకొకాయన దగ్గరికి పోతాడేమో అని సగం ఊరు నిలబడి చూసింది. ఒకాయన ఈ సందులోంచి, ఇంకొకాయన ఆ సందులోంచి ఇంటికి పోయారు. సినిమా చూసి కలిసిపోయిన అన్నదమ్ముల వార్తలు పేపర్లలో వచ్చాయి, వచ్చిన మాట నిజమే, కానీ మా ఊళ్లో మాత్రం ఇదీ జరిగింది. ఏడుపు వేరే, కలవడం వేరే.

ఎందుకంటే ఆ సినిమా చూసిన ప్రతి ఒక్కరూ తమను తాము అన్యాయమైన వాళ్ల పక్కనే వేసుకుంటారు. నువ్వు నిన్ను లక్ష్మి అనుకున్నావు, ఇరవై ఏళ్లు పుట్టింటికి రాని ఆడబిడ్డ. మీ అన్న చూస్తే తనను ఇంటి బరువు మోసిన పెద్దకొడుకు అనుకుంటాడు. మీ వదిన ఇంకెవరో అనుకుంటుంది. అసలు ఆ కథ నడిపించే సాయిలును చూడు, తాత చచ్చిపోయాడన్న బాధ కన్నా తన అప్పులు, తన నిశ్చితార్థం ఏమైతయో అన్న భయమే వాడికి ఎక్కువ. చనిపోయిన తాతకు పెట్టిన కూడు పిట్ట ముట్టకపోతే ఇంటిల్లిపాదీ నీదంటే నీదని ఒకరి మీద ఒకరు పడతారు. నువ్వు స్టేటస్‌లో చేసింది కూడా అదే కదా? పిట్ట ముట్టలేదు, మా అన్న వల్లే అన్నావు. నిన్ను బాధపెట్టాలని అనడం లేదు. కానీ సినిమాలో నీ కాలు ఎక్కడ ఆగిందో నువ్వు రాయనే లేదు. నోట్‌బుక్కులో ఆ రాత్రి పేజీ ఖాళీగా ఉండి ఉంటుంది, సరాసరి స్టేటస్‌కే పోయి ఉంటావు.

ఆరు గుంటల సంగతి వేరే, దాన్ని సినిమాతో ముడిపెట్టకు. 2005లో హిందూ వారసత్వ చట్టం మార్చాక ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు ఉంది. నీకు కావాలనుకుంటే ఇద్దరు పెద్దమనుషులను పెట్టుకుని కూర్చుని అడుగు, అట్లా తేలకపోతే వకీలు దగ్గరికి పో, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. వద్దనుకుంటే వద్దని మనసులో తేల్చుకో. ఏదో ఒకటి తేల్చుకోకుండా సినిమా పేరు చెప్పి గుచ్చుతుంటే అటు భూమీ రాదు, ఇటు అన్నా రాడు.

అన్నకు ఫోన్‌లో మెసేజ్ పెట్టకు, ఇంకో స్టేటస్ అసలే పెట్టకు, "సారీ అన్నా" అని చేతులు జోడించిన బొమ్మ కూడా వద్దు. బతుకమ్మ వస్తోంది. పిల్లలను తీసుకుని పో. పోయాక సినిమా గురించి ఎత్తకు. "నలుగురు చూసేచోట నీ మీద రాసిన, అది తప్పయింది" అని ఆ ఒక్క ముక్క చెప్పు, "కానీ" అని మాత్రం మొదలుపెట్టకు. భూమి గురించి ఆయన ఎత్తితే "పండగైనంక కూసుందాం" అను. తిడితే తిట్టించుకో. తలుపు వేసేస్తే మాత్రం అక్కడే ఏడుస్తూ నిలబడకు, పక్కింట్లో బతుకమ్మ ఆడి వచ్చెయ్, మళ్లీ సద్దుల రోజు పో.

మీ ఆయనకు ఆ నోట్‌బుక్కు ఒకసారి చదవమని ఇవ్వు. స్టేటస్ గురించి ఆయన అన్నది ఒప్పుకో, ఇంటివాళ్ల పేరు గానీ వరస గానీ స్టేటస్‌లో రాయనని చెప్పు. నోట్‌బుక్కు మాత్రం ఆగదని చెప్పు. వంకర పోయిన కుట్టు గురించి రాసిన పేజీ చూపిస్తే ఆయన నవ్వకపోతే నన్ను అడుగు.

దసరా ముందు నీ దగ్గర జాకెట్లు కుప్ప పడి ఉంటాయని తెలుసు, తీరికే ఉండదు. అయినా ఒకటి అడుగుతున్నా. ఆ పుస్తకంలో ఎడమ పేజీల్లో ఎక్కడో మీ వదిన కొలతలు ఉండే ఉంటాయి, పోయిన పండక్కి కుట్టినప్పటివి. వెతికి, మంచి ముక్క ఒకటి తీసి, ఆమెకు ఒక జాకెట్ కుట్టి సంచిలో పెట్టుకో. ఆ రాత్రి ఫోన్ మాత్రం పెట్టుకోకు, కుట్టు వంకర పోతుంది.